కింద పెట్టిన బంతి

నవంబర్ 1, 1996, శుక్రవారం

బేస్‌బాల్ లీగ్‌లో మళ్ళీ ఓడాం. ఈసారి ఈసా టౌన్ జట్టు చేతిలో. స్కోరు రాయడానికి చెయ్యి రావడం లేదు. మల్లేశ్ వేసిన బంతులన్నీ బ్యాటు వెతుక్కుంటూ పోయినట్టే పోయాయి. వాళ్ళు తీరిగ్గా కొట్టారు. క్యాచర్‌నని బ్యాటు పట్టినవాడి వెనక అంత పెద్ద గ్లవ్ పెట్టుకుని నేను గొంతుక్కూర్చోవడమే గానీ, నా దాకా వచ్చినవెన్ని?

బస్సులో అందరూ తలలు వాల్చి కళ్ళు మూసుకున్నారు. మల్లేశ్ ఒక్కడే — "చెమటకు బంతి జారుతుంది బావా..." నవంబర్‌లో చెమటేమిట్రా అనబోయి ఊరుకున్నాను. నా పెళ్ళాం లత తమ్ముడు. ఏమనగలను.

నవంబర్ 3, ఆదివారం

ఫోర్‌మన్ రమోన్ పనిలోకి దిగకముందే జట్టంతటినీ పైపుల వెనక్కి పిలిచాడు. ఫిలిప్పీన్ మనిషి, మా కోచ్ కూడా ఆయనే. మొహం మాడిపోయి ఉంది.

కొత్త సంవత్సరం రాగానే ప్రాజెక్టు ఖలాస్. బహ్రెయిన్‌లో ఈ మామీర్ క్యాంపులో సగం మందిని ఇంటికి పంపేస్తారు. బేస్‌బాల్ జట్టు వాళ్ళను మాత్రం యార్డులోనే ఉంచుతాడట మేనేజర్ దొర — జట్టంటూ ఉంటే. లీగ్‌లో అడుగున మిగిలితే జట్టు లేదు. మనమూ లేం. ఇప్పుడు అడుగునే ఉన్నాం.

దొరకు ఆట పిచ్చి. ఆ పిచ్చి మీద మా బతుకులు ఆరేసి ఉన్నాయి. వెల్డింగ్ బాగా చేస్తే ఉంచుతానని ఎవడూ అనడు.

నవంబర్ 5, మంగళవారం

రమోన్ ఇవాళ ఈల వేసుకుంటూ వచ్చాడు. రిఫైనరీ పనికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు దిగాడట. మోరితా. వాళ్ళ దేశంలో బంతి వేయడంలో పేరు మోసిన పిచ్చర్, భుజం పాడై ఆట మానేశాడు. ఇప్పుడు బాగైంది, మళ్ళీ వేస్తున్నాడు. బయటి మనిషిని ఒక్కణ్ణి తీసుకోవచ్చని లీగ్ రూలు. అతని వీసా యజమాని, కఫీల్, ఒప్పుకోవాలి, అతను ఒప్పుకోవాలి. అమెరికా వాళ్ళ జట్టు కూడా వెంట పడుతోంది.

"మోరితా ఆయేగా తో హమ్ బచేగా" — మోరితా వస్తే మనం బతికిపోతామని, రమోన్ హిందీలో.

మనకు పన్నెండు చొక్కాలే. ఒకరొస్తే ఒకరు పోవాలి. ఎవరని ఎవరూ అడగలేదు. మల్లేశ్‌కు బ్యాటు పట్టడం రాదు, క్యాచ్ పట్టడం రాదు. జొన్న చేలో పిట్టల మీద వడిసెల తిప్పిన చెయ్యి — విసరడం ఒక్కటే వచ్చు. ఇప్పుడు అదీ పోయింది.

నవంబర్ 6, బుధవారం

రమోన్ మా గదికి అన్నానికి వచ్చాడు. పప్పులో ఉప్పు తక్కువైందని చెయ్యి చాపాడు. మల్లేశ్ డబ్బా తెచ్చి ఆయన ముందు కింద పెట్టాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

"చేతికియ్యద్దు సార్. కొట్లాటైతది." నేను హిందీలో చెప్పాను. రమోన్ విరగబడి నవ్వాడు. తర్వాత ఊరికే రెండుసార్లు చెయ్యి చాపాడు. మల్లేశ్ రెండుసార్లూ కిందనే పెట్టాడు. వీడికి ఇలాంటివి చాలా పట్టింపు.

"నవ్వకుండ్రి బావా. మా అమ్మ ఒక్కసారి మర్శి పెద్దమ్మ చేతికిచ్చింది. ఇప్పటికీ మాటల్లేవు వాళ్ళకు."

నవంబర్ 8, శుక్రవారం

మోరితా మా గ్రౌండుకు బంతి వేసి చూపడానికి వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలు, బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. ఇతనా అనుకున్నాను. గ్రౌండులో అడుగు పెట్టే ముందు టోపీ తీసి ఖాళీ ఇసుకకు వంగి దండం పెట్టాడు. మనవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

తర్వాత వేశాడు.

నవ్వులు ఆగిపోయాయి. బంతి కనపడలేదు, చప్పుడే వినపడింది. నా అరచేయి మండింది. తర్వాతిది నడుం ఎత్తున వచ్చి, గ్లవ్ ముందుకొచ్చేసరికి మోకాలి కిందికి దిగిపోయింది. ఆర్మూర్ బడిలో సాఫ్ట్‌బాల్ ఆడినప్పటి నుంచీ ఇన్ని బంతులు పట్టాను. నా చేతిలో ఇంత బాగా ఏదీ పడలేదు. ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అనిపించింది. మల్లేశ్ గుర్తే లేడు నాకు.

కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోతే — "మస్తు ఏసిండు గదా బావా."

నవంబర్ 9, శనివారం

అరచేయి వాచింది. సంతోషంగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

నవంబర్ 11, సోమవారం

డ్యూటీ దిగాక క్యాంపు వెనక మల్లేశ్‌కు క్యాచ్‌లు నేర్పుతున్నాను. బయటి ఫీల్డర్‌గానైనా నిలబెడదామని. ఎత్తుగా వేస్తే కళ్ళు మూసుకుంటాడు. తిట్టాను. మళ్ళీ వేశాను. పెదవి చిట్లింది.

"నాకు రాదు బావా. ఇడిసిపెట్టు."

సిత్రా రోడ్డు మీద సర్కారు మీద కోపంతో ఊరివాళ్ళు మళ్ళీ టైర్లు కాలుస్తున్నారు. పొగ క్యాంపు దాకా వచ్చింది. ఇద్దరం దగ్గుకుంటూ లోపలికి వచ్చాం.

నవంబర్ 13, బుధవారం

మోరితా కఫీల్ ఒప్పుకున్నాడు. శుక్రవారం ఆటకు మోరితా వస్తాడు. అందరూ నా వీపు తడుతున్నారు, నేనేదో కన్నట్టు.

మల్లేశ్ ఎన్నడూ అడగనిది అడిగాడు — "ఇప్పుడు పోతే మళ్ళ రానిస్తరా బావా దుబాయికి?" బహ్రెయిన్‌ను కూడా దుబాయి అనే అంటాడు. ఏమో అన్నాను. ఊళ్ళో బోరు ఎండిపోయింది. పోతే చేసేదేమీ లేదు వాడికి. నాకు తెలుసు, వాడికి తెలుసు.

నవంబర్ 15, శుక్రవారం

ఎలా రాయాలి...

రమోన్ కొత్త బంతి తీసి మోరితాకు ఇవ్వబోయాడు. మోరితా తీసుకోలేదు. ఇన్నాళ్ళూ ఎవరు వేశారు అని అడిగాడు. మల్లేశ్‌ను చూపించారు. "అది అతని చోటు. అతను తన చేత్తో ఇస్తే తీసుకుంటాను. ఇష్టం లేకపోతే నేను రాను." ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. మల్లేశ్‌కు చెప్పే పని నా మీద పడింది.

చెప్పాను. బంతి నువ్వే ఇయ్యాలెనట అన్నాను.

మల్లేశ్ రమోన్ దగ్గర బంతి తీసుకున్నాడు. చొక్కాకు తుడిచాడు. మోరితా రెండు చేతులూ చాపి వంగి నిలబడ్డాడు. మల్లేశ్ దగ్గరికి పోయాడు, గొంతుక్కూర్చున్నాడు, బంతిని అతని బూట్ల ముందు ఇసుకలో పెట్టాడు. లేచి వెనక్కి జరిగాడు.

మోరితా చేతులు అలాగే ఉన్నాయి. బంతి వైపు చూశాడు. మల్లేశ్ వైపు చూశాడు. చేతులు దించుకుని ఇంకా కిందికి వంగి దండం పెట్టాడు, బంతి ముట్టలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమైంది బావా? తీసుకోలేదేం?"

ఏమైందో నాకు అర్థమైంది. మల్లేశ్ తనను వద్దంటున్నాడనుకున్నాడు మోరితా, బంతి కాళ్ళ దగ్గర పడేశాడనుకున్నాడు. పరుగెత్తి చెప్పొచ్చు. కారు స్టార్టయ్యే దాకా టైముంది. కాళ్ళు కదల్లేదు. కదల్చలేదు — అదీ నిజం.

తర్వాత ఆట ఆడాం. ఓడాం.

నవంబర్ 16, శనివారం

పొద్దున పళ్ళు తోముకుంటుంటే అడిగాను. ఎందుకు కింద పెట్టినవ్‌రా?

వింతగా చూశాడు. "ఉప్పు అసొంటిదే గద బావా అది. నా అన్నం అది. చేతికిస్తే ఆయనకు నాకు పగ పడ్తది. కిందనుంచి తీసుకుంటే ఏం గాదు. ఆయన చెయ్యి మంచిగుండాలె, మీరందరు గెలువాలె..."

నోట్లో నురగ ఉంది, మొహం తిప్పుకున్నాను.

నవంబర్ 17, ఆదివారం

మల్లేశ్‌తో ఎవరూ మాట్లాడటం లేదు. తన చోటు పోతుందని అందరి నోట్లో మట్టి కొట్టాడంటున్నారు. అన్నం దగ్గర వాడు కూర్చుంటే లేచిపోతున్నారు. రమోన్ వాణ్ణి ఎండలో పైపులు మోసే పనికి వేశాడు.

నన్నడిగాడు — "గంగా, ఉస్‌నే ఐసా క్యోం కియా?" వాడలా ఎందుకు చేశాడని. ఉప్పు డబ్బా చూసి విరగబడి నవ్విన మనిషే. అయినా తట్టలేదు.

"మాలూమ్ నహీ" అన్నాను.

నవంబర్ 18, సోమవారం

లతకు ఫోన్ చేశాను. "తమ్ముడు మంచిగున్నడా? ఇద్దరు ఒక్కతానె ఉండుండ్రి." ఊఁ అన్నాను. లైను కట్టయింది. మంచిదైంది.

ఉప్పు సంగతి చెబితే మోరితా వస్తాడు. జట్టు నిలుస్తుంది, నేనుంటాను, పదిమందికి పైగా ఉంటారు. మల్లేశ్ పోతాడు, నా నోటితో పంపినట్టే. చెప్పకపోతే అందరం పోతాం, వాడితో సహా. ఇందులో లెక్క ఏముంది, చిన్న పిల్లవాడికి కూడా తెలుస్తుంది. అయినా నోరు రాదు. గెలవకూడదా మేం, ఇంకో రెండు ఆటలున్నాయి గదా అనుకుంటాను. గెలవం.

చెప్పాలనిపించినప్పుడల్లా ఇంకొకటి. అది మంచికోసమా, ఆ బంతి మళ్ళీ నా చేతిలో పడటం కోసమా? నామీద నాకే అసహ్యం.

నవంబర్ 19, మంగళవారం

మోరితా కబురు పంపాడు. అమెరికా వాళ్ళకు జవాబు చెప్పాల్సిన టైము దగ్గరపడిందట. క్యాచర్‌తో, అంటే నాతో, ఒక్క మాట మాట్లాడాలట — ఆ మనిషికి నేను రావడం ఇష్టం లేదా? అది తెలిస్తే చాలు. రేపు సాయంత్రం క్యాంపు గేటు దగ్గరికి వస్తాడు.

రమోన్ నా భుజాలు పట్టుకుని ఊపాడు. ఏదో ఒకటి చెప్పు గంగా, మల్లేశ్‌కు మతి లేదని చెప్పు.

మతి లేదని...

నవంబర్ 20, బుధవారం

డ్యూటీ దిగి వచ్చేసరికి మల్లేశ్ వంట చేస్తున్నాడు. మెడ మీద పైపులు ఒరుసుకుని తోలు లేచిపోయింది. నూనె రాసుకున్నాడు.

"జపానాయన ఒస్తడట గదా. కిందెందుకు వెట్టిన్నో చెప్పు బావా. నీకు ఇంగ్లిష్ ఒస్తది. పగ గాదు, మంచికే అని చెప్పు."

చెబితే ఏమవుతుందో తెలుసా నీకు అన్నాను.

"తెల్సు."

అంతే. చారులో పోపు వేశాడు.

గేటు దగ్గర హారన్. మళ్ళీ హారన్. కిటికీలోంచి చూస్తే కారు పక్కన నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను, రాస్తుంటే పోనక్కర్లేదు కాబట్టి.

మల్లేశ్ నా కంచంలో అన్నం పెట్టాడు. ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు కింద పెట్టి అడుగుతున్నాడు —

"తిని పోతవా, చెప్పొచ్చి తింటవా బావా?"