మూడు కళ్ల చేపకు దిష్టి చుక్క

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజూ అదే తంతు. నేను ఔనంటాను, మూర్తిగారు కాదంటారు. తొమ్మిది పుస్తకాలు చూస్తే ఏడింటికి తగువు. ఇద్దరం ఔనంటే తప్ప పుస్తకం ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద 'చూడ్డానికి బాగుంది' అనే వెండి స్టిక్కర్ పడదు. మూర్తిగారు విజయవాడలో ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసి వచ్చిన మనిషి. బొమ్మ చూడరు, రంగు అంచులు చూస్తారు. భూతద్దం పెట్టి — "ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగిందండీ." జరిగితే జరిగింది! అరవై, డెబ్బై ఏళ్ల కిందటి కామిక్ పుస్తకం అది. అన్నేళ్లకు మనుషులే జరిగిపోతారు.

నరేష్ సార్ అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. మేనేజర్ కదా, చూడటమే పని. నా ప్రొబేషన్ ఈ నెలాఖరుకు అయిపోతుంది.

ఆగస్టు 5, మంగళవారం

మా ఊళ్లో, పాల్మాకుల కిరాణా కొట్టు ముందు అమ్మ గొంతు. "మా సుజాత ఏం నౌకరి చేస్తదనుకున్నవ్? పుస్తకాలకు పెండ్లిచూపులు చేస్తది." సిగ్గుతో చచ్చాను.

ఇంటికొచ్చాక మళ్లీ మొదటినుంచి చెప్పాను. పాత కామిక్ పుస్తకాన్ని వేరే కంపెనీవాళ్లు ముందే పరీక్ష చేసి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తారు. ఎక్కడ చిరిగింది, ఎక్కడ మడత పడింది, పిన్నులు తుప్పు పట్టాయా — ఆ లెక్కంతా మార్కులోనే ఉంటుంది. దాని జోలికి మేం పోం. డబ్బా తెరవం. బయటినుంచి చూసి, కంటికి ఇంపుగా ఉందా లేదా అన్నంతవరకే మా మాట.

"మార్కు ఏసినంక మళ్ల మీరెందుకు?" — అమ్మ.

బాపు టమాటా పెట్టెలు కడుతున్నాడు. తలెత్తలేదు. "రెండు పెట్టెలు. రెండిట్ల ఒకటే నంబరు కాయ. షాద్‌నగర్ మార్కెట్ల ఒకదాని కాడ మనిషి ఆగుతడు, ఇంకోదాని కాడ ఆగడు. గంతే కదనే."

అంతే. రెండు నెలలుగా నేను నోరు నొప్పి పెట్టేలా చెబుతున్నది అదే.

ఆగస్టు 7, గురువారం

ఒక్క పుస్తకానికీ మాట కలవలేదు. మధ్యాహ్నం నా టిఫిన్‌లో బెండకాయ వేపుడు. దానికి మాత్రం ఇద్దరం ఔనన్నాం.

ఆగస్టు 8, శుక్రవారం

నరేష్ సార్ పిలిచాడు. "మీ ఇద్దరికి గిట్ల పడకపోతే ఎట్లమ్మా? ఎవరో ఒకరిని మార్చాలె." ఎవరో ఒకరు అంటే ఎవరో నాకు తెలుసు. ముప్పై ఏళ్ల అనుభవాన్ని ఎవరూ మార్చరు.

బస్సు సాతంరాయి దాటేదాకా కళ్లు మండుతూనే ఉన్నాయి. ఇంతకుముందు మూడేళ్లు ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నాను. జనం బ్యాగుల్లో కత్తి ఉందా, కత్తెర ఉందా... మూడేళ్లు చెడ్డదాని కోసమే చూశాను. చివరికి పెళ్లిభోజనంలో కూర్చున్నా విస్తట్లో ఏం దాగుందా అని వెతికేదాన్ని. ఇక్కడ మొదటిసారి బాగున్నదాని కోసం చూడమన్నారు. ఈ పని పోతే ఏడుస్తాను. రాసి పెడుతున్నాను, ఏడుస్తాను.

ఆగస్టు 11, సోమవారం

ఏమని రాయను!

విశాఖ నుంచి వచ్చిన పుస్తకం. మార్కు పదికి ఐదు, అంటే సగానికి సగం. అట్ట మీద మూడు కళ్ల చేప ఒక ఓడను మింగుతోంది. వెనక పసుపు ఆకాశం, మా బాపు తోటలో బంతిపూల పసుపు. పెద్ద మడత ఉంది, కానీ అది సరిగ్గా సముద్రం మీదుగా పోయింది. చూసేవాళ్లకు ఇంకో అలలాగే ఉంది. చేప కళ్లలో మూడోది కొంచెం భయపడుతున్నట్టు కూడా ఉంది.

ఔను అని రాసి కూర్చున్నాను. మూర్తిగారు భూతద్దం ఎత్తారు. దించారు. మళ్లీ ఎత్తలేదు.

"అబ్బ! ఆ పసుపు చూశారా సుజాతగారూ? ఇప్పుడెవరండీ అలా వేసేది?"

తనూ ఔను అని రాసి, పది నిమిషాలు చూశారు. కన్నార్పలేదు. పొగిడారు, మళ్లీ పొగిడారు. ఎప్పుడూ ఒక్క మంచి మాట అనని మనిషి అంతసేపు అలా చూస్తుంటే నాకు గుబులు పట్టుకుంది. ఆయన టీకి లేవగానే గ్లవ్ తీసేశాను. వేలితో నా కంటి కాటుక కొద్దిగా తీసి, డబ్బా కింది మూల ఒక చుక్క పెట్టాను. చిన్నది. ఆవగింజంత. మా ఇంట్లో దూడకు పెడతాం, కొత్త ట్రాక్టర్‌కు పెట్టాం. చెయ్యి దానంతటదే పోయింది.

పోయేముందు తుడిచేద్దాంలే అనుకున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

తుడవలేదు!! రాత్రి పడుకునేముందు గుర్తొచ్చింది. పొద్దున ఉరికాను. అప్పటికే డబ్బాకు ఫోటో తీశారు, వెబ్‌సైట్‌లో పెట్టారు, మొదటి విమానానికే విశాఖ పంపేశారు. ఫోటోలో వెండి స్టిక్కర్ పక్కన నా కాటుక. నిగనిగలాడుతోంది.

ఆగస్టు 13, బుధవారం

నరేష్ సార్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఈ నల్ల చుక్క ఏంది? జనం ఒకటే అడుగుతున్రు. వెండి స్టిక్కర్ కన్న పెద్దదా అని."

కంటి కాటుక కనబడకుండా తల వంచి గ్లవ్స్ సర్దుకున్నాను.

"పెద్దదే అని చెప్పిన," అన్నాడు సార్. "మనది మనకే తెల్వదంటే ఇజ్జత్ పోతది కదా. ఇంతకీ ఎవరు పెట్టిన్రు? మస్తు ఐడియా."

మూర్తిగారు కళ్లజోడు తుడుచుకుంటూ నావైపు చూశారు. నేను కిటికీలోంచి విమానం చూశాను. అది ఎగిరిపోయాక కూడా అటే చూశాను.

ఆగస్టు 14, గురువారం

మూర్తిగారు ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు.

"ఇది ఇంకు కాదండీ. అంచు చూడండి, నూనె పాకింది. ఆముదం."

అమ్మ ఆముదం దీపం పెట్టి, పైన ఇత్తడి గిన్నె బోర్లించి, ఆ మసితో పట్టిన కాటుక. ముప్పై ఏళ్లు ఇంకులో బతికినాయనకు ఆ మాత్రం తెలియదా? ఇక అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన కంప్యూటర్ ఆపేసి, "టీ తాగుదామా?" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 18, సోమవారం

పాత పుస్తకాలన్నీ తిరిగి వస్తున్నాయి. "మాకూ నల్ల చుక్క వస్తుందేమో చూడండి" అని చీటీలు. ఒకాయన అయితే "చుక్క రాకపోవడానికి నా పుస్తకంలో ఏం తక్కువైంది?" అని రెండు పేజీలు రాశాడు.

నరేష్ సార్ నల్ల చుక్క స్టిక్కర్లు అచ్చు వేయిస్తున్నాడు. ఒక్కో చుట్టకు వెయ్యి చుక్కలు. ఇంట్లో చెబితే అమ్మకు కోపం వచ్చింది. "అచ్చేసిన చుక్క దిష్టి ఆపుతదానే? కంటి కాటుక గావాలె, చూసినోళ్ల చెయ్యి గావాలె."

అమ్మా, నీకు దండం పెడతా, ఇది కిరాణా కొట్టు కాడ చెప్పకు.

ఆగస్టు 19, మంగళవారం

చెప్పింది.

ఆగస్టు 21, గురువారం

నరేష్ సార్ కాగితం ఇచ్చాడు. నల్ల చుక్క దేనికి వస్తుంది, దేనికి రాదు — నియమాలు రాయాలి. నేనూ మూర్తిగారూ కలిసి. శుక్రవారం, ఇరవై తొమ్మిదో తారీకు కల్లా. ఆ రోజే నా పర్మనెంట్ కాగితం మీద సంతకం. "రెండు ఒకేసారి చేసేద్దం," అన్నాడు. నన్ను ఉద్యోగంలో ఉంచాలనే ఉందట. నల్ల చుక్క వచ్చాక మా ఇద్దరికీ పడుతోందని ఆయన నమ్మకం.

"ఏం రాద్దామండీ?" అన్నారు మూర్తిగారు. మొహంలో నవ్వు లేదు, కోపం లేదు.

నాకు ఏడుపొచ్చింది. నిజం రాస్తే ఉద్యోగం పోతుంది. అబద్ధం రాస్తే ఉద్యోగం ఉంటుంది కానీ... రేపటినుంచి ఒక పుస్తకాన్ని చూసి బాగుందంటే నా మాట నేనే ఎట్లా నమ్మను?

ఆగస్టు 25, సోమవారం

చేప పుస్తకం పంపిన పెద్దాయన విశాఖ నుంచి ఫోన్. పార్సిల్ విప్పగానే మూలన మసి అంటిందనుకుని పంచె చెంగుతో తుడిచేశారట. తర్వాత వెబ్‌సైట్ చూసుకున్నారు. గొల్లుమన్నారు. శుక్రవారం విమానంలో పుస్తకం తెస్తున్నారు. చుక్క మళ్లీ పెట్టాలి.

కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. మూర్తిగారు మాత్రం పైన 'నియమాలు' అని రాసి, కింద గీత గీశారు. గీత చాలా తిన్నగా వచ్చింది.

ఆగస్టు 28, గురువారం

నిద్ర పట్టలేదు. బాపును అడిగాను — టమాటాల మీద ఎవరైనా అబద్ధపు స్టిక్కర్ వేస్తే?

"ఒకసారి అమ్ముడైతయి బిడ్డా."

పెట్టెలు కట్టుకుంటున్నాడు.

ఆగస్టు 29, శుక్రవారం

అక్షరాలు వంకరగా పోతున్నాయి.

పెద్దాయన తెల్ల పంచె, చంకలో తువ్వాలు చుట్టిన డబ్బా. విమానంలో పైన పెట్టమన్నా పెట్టలేదట, ఒళ్లోనే పెట్టుకుని వచ్చారు. నరేష్ సార్ కొత్త స్టిక్కర్ల చుట్ట బల్ల మీద పెట్టాడు. దాని పక్కన నా పర్మనెంట్ కాగితం, మీద పెన్ను. మూర్తిగారు నా కుడిపక్కన.

"చెప్పండమ్మా, దీనికి ఈ చుక్క ఎందుకిచ్చారు?" పెద్దాయన ఆశగా అడిగారు.

నరేష్ సార్ అందుకున్నాడు. "సార్, అది చాలా పెద్ద పరీక్ష..."

"పరీక్ష లేదు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది కాటుక. నేనే పెట్టిన. పుస్తకం మస్తు ముద్దుగ ఉండె. మూర్తిగారు ఒకటే చూడవట్టిరి. ఏమన్న అయితదేమోనని భయమై పెట్టిన. తుడుస్తామనుకుని మర్చిపోయిన. నల్ల చుక్కకు నియమం గియమం ఏం లేదు."

నరేష్ సార్ పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ చప్పుడు బాగా వినిపించింది.

పెద్దాయన మెల్లగా తువ్వాలు విప్పారు. డబ్బా పై మూల పగిలి ఉంది. "తుడిచిన మర్నాడే చేతిలోంచి జారిందమ్మా," అన్నారు. "నలభై ఏళ్లలో ఒక్కసారి జారలేదు."

చేపకు మాత్రం ఏం కాలేదు. మూడు కళ్లూ అలాగే ఉన్నాయి.

మూర్తిగారు పగులు మీద వేలు పెట్టి చూశారు. "కాకతాళీయం అండీ." తర్వాత నరేష్ సార్ వైపు తిరిగి, "నాకు పధ్నాలుగో తారీకునే తెలుసు. ఆవిడతోపాటు నా పేరు కూడా రాసుకోండి."

నరేష్ సార్ ఎవరి పేరూ రాసుకోలేదు. సోమవారం మాట్లాడదామన్నాడు. పర్మనెంట్ కాగితం సొరుగులోకి పోయింది.

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున నరేష్ సార్ మెసేజ్. "రేపు పదింటికి రా. కాటుక డబ్బా తీసుకొని రా."

అంతే. ఎందుకో లేదు. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పైవాళ్లకు చూపించడానికా? పెద్దాయన చేపకు మళ్లీ పెట్టమనా? మూర్తిగారికి ఫోన్ చేస్తే — "నాకూ అలాగే పంపారండీ. నా దగ్గర కాటుక ఎక్కడిది?"

బాపు అడిగాడు. "ఉంటదా, పోతదా?"

"తెల్వది బాపు."

అమ్మ మాత్రం పొయ్యి పక్కన దీపం పెట్టి కొత్త కాటుక పట్టింది. డబ్బా నింపింది. వేలికి మిగిలింది నా చెవి వెనక రాసింది. ఇరవై ఏడేళ్లొచ్చాయి నాకు. ఏందే ఇది అంటే — "గంత పెద్ద ఆఫీసుల అందరి ముంగట నిజం చెప్పొచ్చిన పిల్లవి. ఎన్ని కండ్లు పడ్డయో ఏమో."

డబ్బా బ్యాగులో పెట్టుకున్నాను. చెవి వెనక చుక్క ఇంకా తడిగా ఉంది. తుడవలేదు.