గలబియ్యా మూడో రాత్రికి మాత్రమే

ఎస్నా,
అక్టోబరు 3, 1994

లుక్సర్‌లోని షమ్స్ అల్-అసీల్ ఓడ కంపెనీ పెద్దలకు,

ఎస్నా నుంచి హాజీ బద్రీ సలాములు. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి.

నేను క్షేమం. నా భార్య వహీబా క్షేమం. మా గేదె మొన్న కాస్త నలతపడింది గానీ ఇప్పుడు అదీ క్షేమం. మీరు పంపిన రెండు టిక్కెట్లు అందాయి. నది మీద ఓడల్ని దాటించే ఎస్నా లాకు గేట్లు తీసే ఉద్యోగం నుంచి నేను విరమణ పొందినప్పుడు మీ ఓడల కెప్టెన్లు అందరూ కలిసి నాకు ఇప్పించిన కానుక ఇది. లుక్సర్ నుంచి అస్వాన్ దాకా ఆలుమగలం ఇద్దరం ఓడలో! టిక్కెట్లు చూసి వహీబా ఏడ్చింది. సాయంత్రాలు మీ ఓడలు మా ఊరు దాటుతుంటే గట్టుమీద నిలబడి, భోజనశాల కిటికీల్లో వెలిగే దీపాల గుత్తులు చూడటం ఆమెకు అలవాటు. "ఒక్కసారి ఆ దీపాల కింద కూచుని రొట్టె తింటే చాలయ్యా" అనేది. దేవుడు ఆ ముచ్చట మీ చేత తీరుస్తున్నాడు. కృతజ్ఞతలు.

ఒక్క సందేహం. టిక్కెట్లతో వచ్చిన కాగితంలో, భోజనశాలలోకి పడక దుస్తులూ, ఈత దుస్తులూ, మడమల దాకా వేలాడే వదులు అంగీలూ వేసుకుని రాకూడదని ఉంది. నేను తొడుక్కునేది గలబియ్యా. అది మడమల దాకా వేలాడుతుంది. పగలంతా దాంట్లో తిరుగుతాను, రాత్రి దాంట్లోనే పడుకుంటాను. లాకులో జారిపడ్డ వాళ్ళను తీయడానికి దాంతోనే నీళ్ళలోకి దూకాను కూడా. అంటే మీ నిషేధాలు మూడూ నా ఒక్కడి ఒంటిమీదే ఉన్నాయి. ఏం చేయమంటారో చెప్పగలరు.

మీ మేలు మరువని,
హాజీ బద్రీ

తా.క.: గేదెను ఎవరికి అప్పగించాలో ఇంకా తేలలేదు. అది మీ సమస్య కాదు, ఊరికే రాశాను.

*

లుక్సర్,
అక్టోబరు 9, 1994

మాన్యులైన బద్రీ గారికి,

నమస్సులు. గలబియ్యా గురించి తమరు చూపిన ఆసక్తికి మా కంపెనీ ఎంతో సంతోషిస్తున్నది. మా ఓడలో మూడో రాత్రి "గలబియ్యా రాత్రి" జరుగుతుంది. ఆ రాత్రి అతిథులందరూ గలబియ్యాలోనే రావాలి. తమకు సరిపోయే గలబియ్యా ఓడలోని దుకాణంలో అద్దెకు దొరుకుతుంది. తలపాగా చుట్టడం నేర్పడానికి మా ఉద్యోగి ఒకరు సిద్ధంగా ఉంటారు. తమరిది ఏ దేశమో తెలియజేస్తే తమ భాషలోనే నేర్పించగలం. మిగిలిన రాత్రులలో పురుషులకు సూటు, టై తప్పనిసరి.

తమ సేవలో,
నాహిద్ ఫహ్మీ
ప్రయాణికుల విభాగం

తా.క.: గలబియ్యాలో మెట్లు ఎక్కేటప్పుడు అంచు చేత్తో ఎత్తి పట్టుకోవలసిందిగా మనవి. పోయిన నెల ఒక జర్మన్ దంతవైద్యుడు జారిపడ్డారు.

ఇంకో తా.క.: తమరు అరబ్బీ ఎంతో చక్కగా రాస్తున్నారు. ఎక్కడ నేర్చుకున్నారు?

*

ఎస్నా,
అక్టోబరు 15, 1994

చిరంజీవి నాహిద్‌ను హాజీ బద్రీ దీవించి రాయునది.

అమ్మా, నీ ఉత్తరం అందింది. నాకోసం ఒక మనిషిని పెట్టి తలపాగా చుట్టడం నేర్పిస్తానన్నావు. ఈ కాలంలో పరాయివాడి తల గురించి ఎవరు పట్టించుకుంటున్నారు తల్లీ! కృతజ్ఞతలు. అయితే నా తలపాగా నేను చుట్టుకోగలను. మాది ఎస్నా దేశం. భాష ఇదే. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

సూటు సంగతి చదివి వహీబాకు దిగులు పట్టుకుంది. "నిన్ను వాకిట్లోనే ఆపేస్తారు, నేనొక్కదాన్నే కూచుని ఏం తింటాను?" అంటోంది. నేను ధైర్యం చెప్పాను. ముప్పై ఏళ్ళు మీ ఓడలకు తలుపులు తీసిన చేతులివి. ఎండనీ వాననీ చూడలేదు, పండగనీ పబ్బమనీ చూడలేదు. అలాంటివాడికి మీ భోజనశాల తలుపు దగ్గర మీరు కాదంటారా? గలబియ్యాతోనే వస్తాను. ఉతికించుకుని, ఇస్త్రీ చేయించుకుని వస్తాను. నీదే భారం.

నీ మేలు కోరే,
హాజీ బద్రీ

తా.క.: పడ్డ దంతవైద్యుడి పళ్ళు ఎలా ఉన్నాయి?

*

లుక్సర్,
అక్టోబరు 20, 1994

గౌరవనీయులు హాజీ గారికి,

నమస్సులు. మిమ్మల్ని విదేశీయులనుకున్నందుకు మన్నించండి. శ్రీమతి వహీబా గారు ఏమీ దిగులు పడనక్కరలేదు. స్త్రీలకు మా నియమం "నలుపు రంగు, నిండైన పొడుగు దుస్తులు". ఎస్నాలో స్త్రీలు రోజూ వేసుకునేదే కాబట్టి, మా అతిథులందరిలో నియమం ప్రకారం ఉండేది బహుశా ఆవిడ ఒక్కరే.

మీ విషయంలో మాత్రం నియమాన్ని సడలించే అధికారం నాకు లేదు. గలబియ్యా మూడో రాత్రికి మాత్రమే. దయచేసి ఒక సూటు వెంట తెచ్చుకోండి.

ఇక భోజనశాల తలుపు దగ్గర ఉద్యోగం కోసం మీరు పెట్టుకున్న అర్జీ. ముప్పై ఏళ్ళ మీ అనుభవానికి ముచ్చటపడి దాన్ని ఓడకు పంపించాను. ఖాళీ ఉన్నదీ లేనిదీ వారే చెబుతారు.

తమ సేవలో,
నాహిద్ ఫహ్మీ

తా.క.: ఆయన పళ్ళు క్షేమం. పడింది వేరే వైపుకి.

*

ఎస్నా,
నవంబరు 12, 1994

చిరంజీవి నాహిద్‌కు హాజీ బద్రీ వేల దీవెనలు.

అమ్మా, నిన్ననే ఇల్లు చేరాం. గేదె మమ్మల్ని గుర్తుపట్టింది. ఏ పని చేసుకునే ముందైనా నీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలని కూచున్నాను.

మొదటి రాత్రి సంగతి. సూటు వెంట ఉంది. మా ఊరి మందుల షాపు ఫౌజీ పెళ్ళినాటి సూటు అది, వహీబా పోరు పడలేక అడిగి తెచ్చాను. కానీ మనసు ఒప్పక తెల్ల గలబియ్యా తొడుక్కుని భోజనానికి దిగాను. తలుపు దగ్గర వడ్డనవాళ్ళ పెద్ద నన్ను చూసి, "హాజీ బద్రీవి నువ్వేనా? ఆఫీసునుంచి కాగితం వచ్చిందిలే. ఏమయ్యా, ఇంత ఆలస్యమా? నిలబడు, నిలబడు!" అన్నాడు. ముందే కబురు పెట్టి ఉంచావని నా కళ్ళు చెమర్చాయి. ఎక్కడ నిలబడమన్నాడో అక్కడే నిలబడ్డాను. తలుపు పక్కన.

వహీబా లోపలికి వెళ్ళి దీపాల కింద కూచుంది. నేను వచ్చేవాళ్ళకు తలుపు తీశాను, పోయేవాళ్ళకు తీశాను. చేతులకు అలవాటైన పనే కదా. కాకపోతే ఈ తలుపు తీయడానికి నీళ్ళు నిండేదాకా ఆగక్కరలేదు, చాలా సుఖం. అందరూ నాకు వంగి దణ్ణం పెట్టారు. ఒక ముసలి దొరసాని నా చేతిలో పిప్పరమెంటు పెట్టింది. తీపి తినుబండారాలు వడ్డించే వేళకు వహీబా లేచి వచ్చింది. "ఏమయ్యా, ఊరందరితోనూ చుట్టరికం కలుపుకోవడం అయిందా? చారు చల్లారిపోయింది" అంది. వడ్డనవాళ్ళ పెద్ద ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పాపం, ఆ తర్వాత ఆయనే నాకు పావురం కూర కొసరి కొసరి వడ్డించాడు.

రెండో రోజు మరి ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని సూటు వేశాను. సాయంత్రం ఓడ ఎస్నా చేరింది. నా లాకే! గేటు ఎలా తీస్తున్నారో చూద్దామని పైకెక్కి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కింద పడవల్లోంచి మావాళ్ళు అమ్మకానికి సరుకు పైకి విసురుతున్నారు. నా తోడల్లుడు హమ్దాన్ ఒక గలబియ్యాను పొట్లం కట్టి సరిగ్గా నా మొహానికేసి కొట్టి, "ఖవాజా! ఓ దొరా! నీకైతే తగ్గించి ఇస్తా!" అని అరిచాడు. "ఒరేయ్ హమ్దాన్, నేనురా!" అన్నాను. వాడు పక్కవాడితో, "చూశావా, ఈ దొర అచ్చం మనలాగే మాట్లాడుతున్నాడు. ఇలాంటివాడు పైసా రాల్చడు, పద పద" అని పడవ తిప్పేశాడు.

మూడో రాత్రి గలబియ్యా రాత్రి. ఓడలోని దుకాణంలో ఉన్నవన్నీ అయిపోయాయట. మా పక్క గది డెన్మార్క్ పంతులుగారు దిగులుగా కూచుని ఉన్నాడు. అతిథి అడిగితే ఒంటిమీది గుడ్డయినా ఇవ్వడం మన మర్యాద. నా మంచి గలబియ్యా ఇచ్చి, తలపాగా నేనే చుట్టాను. అది చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. చివరికి నాకు మిగిలింది ఫౌజీ సూటే. అది వేసుకుని వెళితే తలుపు దగ్గర, "హాజీ, ఈ రాత్రి గలబియ్యా లేనిదే లోపలికి రానివ్వకూడదు, నా ఉద్యోగం పోతుంది" అని వడ్డనవాళ్ళ పెద్ద నా చేతులు పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం మీదికి తేవడం ఎందుకని వెనక్కి తిరిగాను. వహీబా కూడా దీపాలు వదిలేసి నాతో వచ్చేసింది. పైన చాలాసేపు తిరిగాం. లోపల "అచ్చమైన సయీదీ" పోటీలో, అచ్చం మావైపు పల్లెవాడిలా ఉన్నాడని, పంతులుగారికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఏమిటంటే గలబియ్యా. ఆయన దాన్ని నాకిచ్చి, నాది తనే ఉంచుకున్నాడు.

తలుపు దగ్గర నిలబెట్టినందుకు కృతజ్ఞతలు, లోపలికి రానిచ్చినందుకు కృతజ్ఞతలు, రానివ్వనందుకు మరీ మరీ కృతజ్ఞతలు.

నీ క్షేమం కోరే,
హాజీ బద్రీ

తా.క.: బహుమతి గలబియ్యా కుట్టు చూడగానే తెలిసింది, అది హమ్దాన్ దగ్గర కొన్నదే.

*

లుక్సర్,
నవంబరు 19, 1994

పరమ గౌరవనీయులు హాజీ బద్రీ గారి సముఖానికి,

మీ ఘాటైన ఫిర్యాదు అందింది. ఏడేళ్ళుగా ఫిర్యాదులు చదువుతున్నాను. తిట్టినవాళ్ళున్నారు, కోర్టుకు లాగుతామన్నవాళ్ళున్నారు. కానీ వరసకు వరస "కృతజ్ఞతలు" అని రాసి ఇంతగా గుచ్చినవాళ్ళు లేరు. "రానివ్వనందుకు మరీ మరీ కృతజ్ఞతలు" అన్న మాట చదివి మా జనరల్ మేనేజరు గారు ఆ పూట అన్నం ముట్టలేదు. "మన దేశం బట్ట, మన నది, మన మనిషి. వాకిట్లో నిలబెట్టామా!" అని చాలా బాధపడ్డారు.

నిన్న సమావేశం జరిగింది. నియమం మారింది. ఇకనుంచి మా ఓడల్లో అన్ని రాత్రులూ గలబియ్యాకు స్వాగతం. ఎవరినీ సూటు అడగం. ఇది మీ కలం చేసిన పని. మిమ్మల్నీ శ్రీమతి వహీబా గారినీ వసంతంలో మా అతిథులుగా మళ్ళీ రమ్మని ఆహ్వానిస్తున్నాం. ఈసారి తలుపు మేం తీస్తాం.

సిగ్గుతో, గౌరవంతో,
నాహిద్ ఫహ్మీ

తా.క.: ఆ తలుపు దగ్గర ఉద్యోగం నిజంగానే ఖాళీ అయింది. ఇప్పుడు అడగకూడదని తెలుసు. కానీ అతిథులు మీ గురించి అడుగుతున్నారు.

*

ఎస్నా,
నవంబరు 27, 1994

అమ్మాయి నాహిద్‌కు వహీబా ముద్దులు.

నా రాత వంకరటింకరగా ఉంటుంది, సర్దుకుని చదువుకో తల్లీ. ముందుగా మీ మేనేజరు గారిని అన్నం తినమను. మా ఆయనకు ఎత్తిపొడవడం చేతకాదు. కృతజ్ఞతలు అని రాశాడంటే కృతజ్ఞతలే. గేదె తన్నినా దాని మంచే చెప్పే మనిషి.

మళ్ళీ రమ్మన్నారు. వస్తాం. ఆ దీపాల కింద ఈసారి ఇద్దరం కలిసి, మొదటినుంచీ కూచుని చారు తాగుతాం. ఒక్కటే బతిమాలుకుంటున్నాను. ఆ నియమం మళ్ళీ పెట్టు.

ఎందుకో చెబుతాను, నవ్వకు. మా ఎస్నాలో మగవాడు ముందు నడుస్తాడు, ఆడది వెనక నడుస్తుంది. పెళ్ళయిన మర్నాటినుంచీ అంతే. గలబియ్యాలో కాళ్ళకు అడ్డేముంది? ఆయన అంగలు వేసుకుంటూ పోతాడు, నేను పరిగెత్తుతాను. ఆయన మొహం కంటే వీపే నాకు బాగా తెలుసు. ఏదైనా చెప్పాలంటే ఆ వీపుతోనే చెప్పేదాన్ని, గాలి ఎటు ఉంటే అటు పోయేది మాట.

ఆ మూడో రాత్రి ఫౌజీ ప్యాంటు తొడల దగ్గర బిగుతు. ఫౌజీ బూట్లు ఇరుకు. నీకు రాసిన ఉత్తరంలో ఆ మాట రాయలేదు చూడు, రోషం. అంగ వేయబోతే ఎక్కడో చిరుగుతున్న చప్పుడు. దాంతో బాతులా చిన్న చిన్న అడుగులు వేశాడు. నేను మామూలుగానే నడిచాను. చూసుకుంటే పక్కపక్కనే ఉన్నాం! బూటు కరిస్తే నా భుజం పట్టుకున్నాడు, మరి తీయలేదు.

అలా ఓడ ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతుంటే ఆయన మాట్లాడాడమ్మా. "వహీబా, గేట్లు మూసి నీళ్ళు వదిలితే ఓడ మెల్లగా పైకి లేచేది. అది లేస్తుంటే ప్రతిసారీ అనుకునేవాణ్ణి, నిన్ను ఇందులో ఎక్కించాలని. నువ్వు గట్టుమీద నిలబడటం నాకు కనిపించేది" అన్నాడు. నేను అక్కడ నిలబడేదాన్నని ఆయనకు తెలుసునని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఎప్పుడు చెప్పను? నువ్వెప్పుడూ వెనకే ఉంటావుగా" అన్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజున సూటు ఫౌజీకి ఇచ్చేశాడు. మర్నాడు సంతకు వెళ్ళాం. మళ్ళీ అదే వీపు.

అందుకని తల్లీ, మీ సూటూ మీ టై ఉండనీ. బూట్లు కూడా తప్పనిసరి అని ఒక మాట కలుపు. ఆడవాళ్ళ బట్టల విషయంలో మీ నియమం బాగానే ఉంది, దాని జోలికి పోకు. మీ కంపెనీ చేసిన మేలు నేను బతికి ఉన్నన్నాళ్ళూ మరిచిపోను. నీకు మంచి మొగుడు వచ్చుగాక, పొట్టి అంగలవాడు.

నీ పెద్దమ్మ అనుకో,
వహీబా

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వేయడానికి ఆయనే తీసుకెళుతున్నాడు. ఏం రాశావని అడిగాడు. కృతజ్ఞతలు అన్నాను.