సెలవుల్లో మోగిన బస్సు హారన్

చిరంజీవి ఐలాకు,

నాన్న ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ నాయనమ్మా కులాసా. నాయనమ్మ మోకాలు మాత్రం వానకు ముందు రోజు కులాసాగా ఉండదు, అది నీకు తెలిసిందే. నువ్వు ఆ శిబిరంలో సరస్సులకూ దోమలకూ మధ్య వేళకు తింటూ, చిన్నపిల్లలకు పడవ నడపడం నేర్పిస్తూ హాయిగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాయనమ్మ ముందు నేను చదువుతానంటూ లాక్కుంది. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూసి, "ఒరేయ్ కర్టిస్, ఇది రాసిందా, కోడి కెలికిందా? పదహారేళ్లొచ్చాయి, బళ్లో దీనికేం నేర్పారురా?" అని నాకే ఇచ్చేసింది. తర్వాత మళ్లీ అడిగి తీసుకుని దిండు కింద పెట్టుకుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కుక్క తింటోంది, నీ చెప్పు కూడా తినేసింది. ఆవిరి గది పొయ్యి బాగుచేశాను. నాయనమ్మ వారానికి రెండుసార్లు అందులో కూర్చుని, నేను కట్టెలు సరిగ్గా వేయలేదని లోపలినుంచి తిడుతోంది. ఇక చివర్లో కింద రెండు గీతలు గీసి మరీ అడిగావే, "మంటలు బతికే ఉన్నాయి కదా నాన్నా?" అని, దాని దగ్గరికి వస్తాను. కాస్త ఓపిక పట్టు తల్లీ.

శిబిరంలో ఫోన్లు ఉండకూడదని, వెళ్లే ముందు రోజు నీ ఫోన్ నా చేతిలో పెట్టి, నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పావు. ఏడుగురు స్నేహితులు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరికీ ఒక ఫోటో. గోడైనా సరే, చెప్పైనా సరే. వాళ్లూ ఒకటి పంపుతారు. పేరు పక్కన చిన్న మంట బొమ్మ, ఎన్నాళ్లుగా ఆగకుండా సాగుతోందో అంకె. ఒక్క రోజు తప్పితే మంట ఆరిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. "వచ్చినవి చదవద్దు, జవాబు రాయొద్దు, నీ మొహం అస్సలు పంపొద్దు" అన్నావు. సరే అని మాటిచ్చాను.

మొదటి రోజు కంచెకు ఫోటో తీస్తుంటే నాయనమ్మ చూసి, "దానికేమన్నా పెళ్లి సంబంధం వచ్చిందట్రా?" అంది. కాఫీ కప్పు, రొట్టె ముక్క, నీ గది గోడ, బస్సు టైరు, నా బూట్లు, అన్నీ నీ పేరు మీద ఊరంతా తిరిగాయి. బదులుగా వచ్చినవి చూస్తే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. సగం నుదురు. మోకాలు. దుప్పటి అంచు. ఇంటి పైకప్పు. ఇంతమంది రోజూ ఒకరి తలుపు ఒకరు తడతారు కానీ తలుపు తీసి పలకరించేవాళ్లు ఒక్కరూ లేరు. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు.

అయినా నవ్వనంటే ఒక మాట చెబుతాను. వారం తిరిగేసరికి ఆ ఫోటోల కోసం నేనే ఎదురుచూడటం మొదలుపెట్టాను. బడి నడిచే రోజుల్లో, నేను నడిపే బస్సులో నా వెనకంతా పిల్లల గోల ఉంటుంది. సెలవులిస్తే ఆ పసుపు బస్సు మన పెరట్లో ఖాళీగా నిలబడి నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను. మీ అమ్మ పోయాక వేసవి నాకు పడదు. నీ స్నేహితురాలి మోకాలు చూసినా, పోనీలే, ఎవరో ఒకరు పలకరించారు అనిపించేది.

ఆ ఏడుగురిలో డెలనీ నుంచి మాత్రం రోజూ ఒకటే ఫోటో. నీళ్లు కారి మరక పడ్డ పైకప్పు. బయట ఎంత ఎండ కాసినా ఆ గది మసకగానే ఉండేది. ఆ పిల్ల నాకు తెలియనిదా? కంకర గని మలుపులో ఎక్కుతుంది, కుడివైపు వెనకనుంచి మూడో సీటులో కూర్చుంటుంది. గత ఏడాది నేను పాడే పాటలను వెక్కిరించేది. ఈ వసంతంలో తలమీద కోటు టోపీ లాక్కుని, నేను పలకరించినా పలకడం మానేసింది. అద్దంలో చూసి, ఈ వయసు పిల్లలంతేలే అనుకున్నాను.

రెండు వారాల కిందట ఒక పొద్దున పైకప్పు రాలేదు, రాత వచ్చింది. కళ్లు తిప్పుకుందామనుకున్నాను, కానీ మొదటి వాక్యం కళ్లబడిపోయింది. "ఐలా, నువ్వక్కడ లేవని తెలుసు. నీ బదులు ఎవరో పంపుతున్నారు, వాళ్లు ఇవి చదవరు కదా. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఎవరికో ఒకరికి చెప్పినట్టుంటుంది." ఆ తర్వాత ఉన్నది నువ్వు తన నోటనే వినాలి. నేను చెప్పగలిగింది ఇంతే. నెట్‌లో పరిచయమైన ఒక కుర్రాడు, పదిహేడేళ్లన్నాడట, తీయగా మాట్లాడి ఈ పిల్ల దగ్గర ఒక ఫోటో పంపించుకున్నాడు. ఇప్పుడు డబ్బివ్వకపోతే దాన్ని బడిలో అందరికీ పంపుతానంటున్నాడు. చివర్లో, "రేపు లేవకుండా ఉంటే బాగుండు" అని రాసింది.

 జవాబు రాయొద్దన్నావు, రాశాను. "డెలనీ, నేను ఐలా వాళ్ల నాన్నని. భయపడకు, నేనున్నాను" అని. నాకు తెలిసిన మంచి మాటలన్నీ అవే. పంపిన మరుక్షణం నీ ఫోన్‌లోంచి ఆ పిల్ల పేరే మాయమైపోయింది. నా మాటలు ఇక అందకుండా తలుపు మూసి గడియ పెట్టేసుకుంది.

షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే మనిషి జిల్లాకు ఆ చివర ఉన్నాడు, బయల్దేరతాడు కానీ టైం పడుతుందన్నారు. వాళ్లమ్మ జోలీన్ వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంది, ఫోన్ ఎత్తలేదు, వెంటనే ఇంటికి రమ్మని సందేశం పెట్టాను. ట్రక్కు తాళాలు తీసుకుని మెట్లు దిగి ఆగిపోయాను. ఒక్కతే ఉన్న ఆడపిల్ల ఇంటి ముందు మగవాడెవడో ట్రక్కు ఆపి తలుపు కొడితే, అసలే భయంతో ఉన్న పిల్ల ఏమైపోతుంది? అప్పుడు పెరట్లో బస్సు కనిపించింది. సెలవుల్లో దాన్ని తీయకూడదు. తీశాను.

ఆ ఇంటి ముందు ఆపి, రోజూ చేసినట్టే ఎర్ర లైట్లు వెలిగించి, 'ఆగు' అని రాసిన పలక పక్కకు చాచి, హారన్ రెండుసార్లు కొట్టాను. కారుకు పడవ కట్టుకుని వెనకే వస్తున్న ఒక పెద్దాయన, ఆ లైట్లు వెలిగితే బడి బస్సును దాటకూడదన్న చట్టం ప్రకారం బ్రేకు వేసి, "ఏమయ్యా, జూలైలో బడి తెరిచారా?" అని అరిచాడు.  పాపం, లైట్లు ఆర్పడం నాకు తట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.

కర్టెన్ కదిలింది. చాలాసేపటికి డెలనీ దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మిస్టర్ నీమీ, ఇది జూలై."

"తెలుసమ్మా."

"మరి బస్సెందుకు?"

"నేనే అని గుర్తుపడతావని."

గుమ్మం దిగి వచ్చింది. "పొద్దున రాసింది నిజంగా మీరేనా? వాడే ఐలా ఫోన్‌లోకి కూడా దూరాడనుకున్నా. వాడు కూడా మొదట్లో భయపడకు, నేనున్నా అనే అన్నాడు. అయినా ఫోన్ ఎవరైనా వాళ్ల నాన్నకిచ్చి వెళ్తారా? ఐలాకి పిచ్చి పట్టిందా?"

 ఆ దుర్మార్గుడి మాటా నా మాటా అక్షరం తేడా లేకుండా ఒకటే అయ్యాయి, చూడు.

ఆ పిల్ల బస్సెక్కి నా పక్కనుంచి నడిచి తన సీటులోనే కూర్చుంది. నేను వెనక్కి తిరగలేదు. అద్దంలోనే చూశాను. అద్దంలోకే చెప్పింది, మొత్తం. "అమ్మకి చెప్తే చంపేస్తుంది" అంది. "అరుస్తుంది. తర్వాత నీ పక్కన కూర్చుంటుంది" అన్నాను. జోలీన్ వచ్చింది, కారు సగం గుంటలో వదిలేసి. అరిచింది కూడా. తర్వాత మూడో సీటులో ఇరుక్కుని కూర్చుని కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. నేను అద్దం వదిలేసి రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

షెరీఫ్ మనిషి వచ్చి అన్నీ రాసుకున్నాడు. డబ్బు పంపొద్దు, ఏదీ చెరిపేయొద్దు అన్నాడు. వాడెవడో ఇంకా దొరకలేదు. ఆ ఫోటో ఎక్కడికీ పోదని మాత్రం ఎవరూ మాటివ్వలేదు, నేనూ ఇవ్వలేను. డెలనీ ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తోంది. మధ్యాహ్నాలు మనింటికి వచ్చి నాయనమ్మతో రొట్టె పిండి పిసుకుతూ తిట్లు తింటోంది. బడి ఆఫీసువాళ్లు నాకు చీవాట్లు పెట్టి బస్సు పట్టుకుపోయారు. పెరడంతా బోసిగా ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. మంటలు ఆరిపోయాయి, ఏడూ. ఆ రోజు ఎవరికీ ఏదీ పంపడం గుర్తులేదు, మర్నాడు మనసు రాలేదు. కోప్పడు, పడతాను.

ఇంకొకటుంది. చెప్పకుండా ఉందామని ఇందాకటినుంచి కుక్క గురించీ పొయ్యి గురించీ రాసుకుంటూ వచ్చాను. డెలనీ తన పేరు మళ్లీ నీ ఫోన్‌లో కనిపించేలా చేశాక, షెరీఫ్ మనిషికి చూపించడానికి ఆ రాతలు పైకి జరుపుతుంటే, ఫిబ్రవరిలో నువ్వు డెలనీకి రాసినవి కనిపించాయి. బడిలో ఎవరో పేరు చెప్పకుండా ఒక పేజీ పెట్టి, నీ ఫోటో వేసి, దాని కింద ఏమేమి రాశారో అన్నీ చదివాను తల్లీ. "నాన్నకి చెప్పు" అని ఆ పిల్ల అంది. "పక్క గదిలోనే ఉన్నాడు. చెప్తే ఫోన్ లాక్కుంటాడు, ఇంకేం చేస్తాడు?" అని నువ్వన్నావు. నువ్వు ఏడుపు ఆపేదాకా డెలనీ రాస్తూనే ఉంది. ఆ పిల్ల తన కష్టం నీకే ఎందుకు రాసిందో అప్పుడర్థమైంది.

ఆ వారం నువ్వు కడుపునొప్పని పడుకున్నావు. నేను అల్లం సోడా, ఉప్పు బిస్కెట్లు తెచ్చి నీ తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోయాను. మంచి తండ్రినే అనుకున్నాను. మన మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడకే నేను ఈ వేసవిలో ఫోటోలు తీసి నీ స్నేహితులకు పంపాను.

శనివారం నిన్ను తీసుకెళ్లడానికి వస్తాను. ట్రక్కే, బస్సు లేదుగా. ముందు సీటులో కూర్చోవాలని లేదు, వెనక కూర్చో. నేను రోడ్డు చూస్తూ నడుపుతాను, అప్పుడప్పుడు అద్దంలో చూస్తాను. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఊరుకో. నీ ఫోన్ చార్జింగ్‌లోనే ఉంది, అది నీది, లాక్కోను. శిబిరం గేటు దగ్గర రెండుసార్లు హారన్ కొడతాను. నేనే అని నీకు తెలుస్తుంది.

ఇట్లు,
పక్క గదిలోనే ఉన్న
మీ నాన్న