కప్పుకు సొట్ట ఎలా పడిందంటే

కప్పు కమిటీ కార్యదర్శి శ్రీమతి ప్రోథరో గారికి,

కప్పుకు సొట్ట ఎలా పడిందో చెప్పమని మీరు అడిగారు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవై ఒక్క ఏళ్ళలో మా బ్రిన్‌వెర్న్ ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ గెలవడం ఇదే మొదటిసారి. ఆ సంబరంలో మా కెప్టెన్ ఇద్వల్ కప్పును బోర్లించి తలకు పెట్టుకున్నాడు. అది ముక్కు దాకా దిగి బిగుసుకుపోయింది. వెన్న రాశాం, సబ్బునీళ్ళు పోశాం, లాభం లేకపోయింది. అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తే, మోగింది ఓడిన జట్టు గోల్‌కీపర్ గెథిన్ జేబులో. వాళ్ళ ఊళ్ళో మంటలార్పే పనీ అతనే చూస్తాడట. పైగా ఇద్వల్‌కి స్వయానా బావమరిది.

అతను బండిలోంచి పెద్ద కత్తెర తెచ్చాడు. "ఏం బావా, కప్పు కొయ్యనా, చెవులు కొయ్యనా?"

"చెవులే కొయ్యరా!" కప్పులోంచి ఇద్వల్ గొంతు గింగురుమంది. "మా నాన్న దీనికోసం ఇరవై ఏళ్ళు ఆడి, ఒక్కసారైనా ముట్టుకోలేదురా!"

గెథిన్ కత్తెర పక్కన పడేసి, ఇద్వల్ భుజానికి కాలు తన్నిపెట్టి, కప్పు పిడులు రెండూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కప్పు ఊడింది. గెథిన్ కప్పుతో సహా వెనక్కి పడి గోల్ స్తంభానికి కొట్టుకున్నాడు. సొట్ట అప్పుడు పడిందే.

అయినా చేతులు వదల్లేదు. "పట్టేశాను!" అని అరిచాడు. ఆ రోజు అతను పట్టింది అదొక్కటే. రెండు ఊళ్ళవాళ్ళం చప్పట్లు కొట్టాం. దాంతో హుషారెక్కి, కప్పెత్తుకుని మైదానం చుట్టూ పరుగందుకున్నాడు. వెన్న కారుతున్న మొహంతో ఇద్వల్ వెంటపడ్డాడు.

"ఒరేయ్, గెలిచింది మేంరా!"

మూడో చుట్టుకు గానీ దొరకలేదు.

ఇట్లు,
బ్రిన్‌వెర్న్ క్లబ్ కార్యదర్శి