బాంబూఫ్లాట్ కిస్తీ, డైరీ ఫార్మ్ అద్దె

నాయనా గురునాథం, ఇక్కడ నేనూ నా మోకాళ్లూ కులాసా. ఫోన్‌లో అయితే నీ కొడుకూ కోడలూ వింటారు, వీళ్లకు తెలుగు చదవడం రాదు కాబట్టి కార్డు రాస్తున్నాను.

చక్రి నీళ్లకు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఫ్లాటు కొంటాడట. ఇప్పుడుంటున్న ఈ డైరీ ఫార్మ్ పేటలో ఇంటి అద్దె పన్నెండు వేలు. ఆ ఫ్లాటుకు బ్యాంకు కిస్తీ ఇరవై ఆరు వేలు, అదీ ఇరవై ఏళ్లు.

“అద్దె సముద్రంలో పోసినట్టే నానమ్మా. కిస్తీ కడితే ఘర్ అప్నా అయిపోద్ది” అంటాడు.

“మరి వడ్డీ పోసేది ఎక్కడరా, బిందెలోనా?” అన్నాను.

అద్దె ఏటా పెరుగుతుందన్నాడు, అదీ నిజమే. లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఎటు కూడినా రెండూ నష్టంగానే కనిపిస్తున్నాయి. మొగుడూ పెళ్లాం అక్కణ్ణుంచి రోజూ స్కూటర్‌తో ఫెర్రీ పడవెక్కి ఇవతలి ఒడ్డుకు ఆఫీసులకు రావాలన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

నేను ఊఁ అంటేనే సంతకం పెడతాడట. ముందు ఈ వానాకాలం అక్కడే అద్దెకుండి చూడమన్నాను. అప్పటినుంచి నీ కోడలు శ్రీలక్ష్మి నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పింది తెలివో చాదస్తమో నాకే తెలియడం లేదు.

నా పాత కళ్లజోడు మీ డిగ్లీపూర్ బస్సులో ఎవరితోనైనా పంపు. మీ ఆవిడకు నడుంనొప్పి తగ్గిందా?

అద్దె ఇంట్లోనైనా అప్పు ఇంట్లోనైనా చల్లగా ఉండమని దీవించాను. ఆ పిల్ల నాతో మాట్లాడేలా మాత్రం నువ్వే చూడాలి.

అమ్మ