కోళ్ల ఆవరణకు ఇనుప పైకప్పు

జూన్ 3, సోమవారం

గద్ద రెండో పెట్టను ఎత్తుకుపోయింది. ఆవరణలో మిగిలినవి తొమ్మిది. అక్క గోడ దగ్గర నిలబడి ఆకాశాన్ని తిట్టింది. బావ పోయాక మా ఇంటికి వచ్చిన ఈ ఎనిమిది నెలల్లో ఆమె గొంతు అంత గట్టిగా వినడం ఇదే ప్రథమం. డాక్టర్ పోయిన నెలే చెప్పాడు, ఆవిణ్ణి తెల్లవారగానే మంచం మీంచి లేపుతున్నవి నా మందులు కావండీ, ఆ కోళ్లు, అవి ఉన్నంతకాలం నాకు భయం లేదు, లేకపోతే మాత్రం నన్ను అడగొద్దు అని. కనుక ఆవరణ పైభాగమంతా ఇనుప మెష్‌తో కప్పాలని నిశ్చయించడమైనది. ప్రతిపాదించినది నేను. ఆమోదించినదీ నేనే.

జూన్ 5

టేపుతో కొలిచాను. పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు తొమ్మిది. మళ్లీ కొలిచి, రెండు కొలతలూ ఒకటేనని ధ్రువీకరించుకున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, ఆఫీసులో ఇరవై ఆరేళ్లు చేసింది చాలక ఇంట్లో కూడా మొదలెట్టారా, ఇక ఆ కోళ్లకి రబ్బరు స్టాంపు కొట్టడమే తరువాయి అంది. సదరు వ్యాఖ్యను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

జూన్ 8, శనివారం

అక్క నుంచి మౌఖిక అభ్యంతరం. ఒరేయ్, అవి చీకటిపడితే జామకొమ్మ మీదికెగిరి పడుకుంటాయిరా, పైన మూసేస్తే ఎక్కడికి పోతాయి, కిందనుంచి ఏదైనా దూరితే వాటికి దిక్కేది అంది. నువ్వు కుర్చీలో కూర్చుని చేసే పనులు చూసుకో నాయనా అని కూడా అంది. శత్రువు పైనుంచి వచ్చినట్టు రుజువున్నదనీ, కిందనుంచి వచ్చినట్టు నేటివరకు దాఖలా లేదనీ తెలియజేశాను. ఆమె లోపలికి వెళ్లింది.

అభ్యంతరం లిఖితపూర్వకంగా అందలేదు.

జూన్ 9, ఆదివారం

పని పూర్తి. అడ్డుగా ఉన్న జామకొమ్మను కోసేశాను. జానెడుకొక చోట బైండింగ్ వైరుతో బిగించి, కోళ్లకు గుచ్చుకోకుండా ప్రతి కొసనూ బయటికి మడిచాను. ఇంత శుభ్రమైన పని నా సర్వీసులో చేసి ఎరుగను.

సాయంత్రం అవి ఒక్కొక్కటే పైకెగిరి, మెష్‌కు తల కొట్టుకుని కింద పడ్డాయి. తొమ్మిదీ. తర్వాత ఒక మూలకు చేరి ఒకదానికొకటి ఒదిగి కూర్చున్నాయి. అలవాటు పడతాయి అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

జూన్ 10

గద్ద వచ్చి మెష్ మీద వాలింది. కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. ఫలితం సంతృప్తికరం.

జూన్ 14, ఉదయం 6.10

ముంగిస. ఆవరణ తలుపు కింద బెత్తెడు సందు. ఆ సందు నా కొలతల్లో లేదు.

తొమ్మిదీ పోయాయి. తిన్నది ఒకదాన్నే. మిగతావాటిని గొంతు కొరికి వదిలేసింది. మెష్‌కు లోపలివైపు ఈకలు ఇరుక్కుని ఉన్నాయి. ఎగిరాయి, చాలాసార్లు ఎగిరాయి. ఒక్క ముడి కూడా సడలలేదు. ఆ సమయంలో ముడులు ఎందుకు లాగి చూశానో నాకు తెలియదు.

నేను ముందు లేచి ఉంటే వాటిని ఆమె కంటపడకుండా పూడ్చేసేవాణ్ణి. అక్కే ముందు లేచింది. గింజల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ లేని ఇంట్లో నన్ను తిట్టి పెంచిన మనిషి. తిడితే బాగుండును.

జూన్ 15

అక్క లేవలేదు.

జూన్ 19

లేవలేదు. కొత్త పెట్టలు తెస్తానన్నాను. దేనికిరా, మళ్లీ మూతేయడానికా అని గోడవైపు తిరిగింది. డాక్టర్ వచ్చి, ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా అని అడిగాడు. స్వల్ప మరమ్మతు అని చెప్పాను. పూర్తిగా చెప్పండి, నోరు పడిపోయిందా అంది మా ఆవిడ. నేను డాక్టర్ సంచి అందుకుని గుమ్మం దాకా సాగనంపాను.

జూన్ 22, ఉదయం

ఆవరణ లోపల స్టూలు ఎక్కి మెష్ విప్పుతున్నాను. తలుపు చప్పుడైంది. అక్క. వారం తర్వాత లేచింది. కోళ్లను పిలిచే పిలుపు పిలిచి, నన్ను చూస్తూనే నా కాళ్ల దగ్గర గింజలు చల్లి, బయట గడియ పెట్టి వెళ్లింది.

రేపు కూడా ఆమె లేచే వేళకు నేను లోపలే ఉంటాను.