పదిహేడో నిబంధన: అలక

అమ్మకు,

అరవై మంది ఆడపిల్లలకు వార్డెన్‌వూ, నాకు మాత్రం అమ్మవూ అయిన నీకు, చొక్కాకు రెండు గుండీలు తక్కువైనా తక్కిన విధాలా క్షేమంగా ఉన్న నీ కొడుకు నమస్కరించి రాసేది. నీ హాస్టలూ, నీ గంటా, ఆ గంటను లెక్కచేయని మేడమీది గది పిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. గొడుగు పోలేదు, ఎక్కడుందో తెలియదు, అంతే. ఉద్యోగం ఖాయమైందా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను. ఈ నెలాఖరుతో నా ఏడాది గడువు అయిపోతుందనీ, ఉంచడమో పంపేయడమో మేడమ్ ఇష్టమనీ నీకు తెలుసుగా. అక్కడికి రావాలంటే కాస్త చుట్టూ తిరిగి రావాలి.

మా మేడమ్ ముప్పై ఒక్క ఏళ్లుగా వ్యాపారాలకు పత్రాలు రాస్తున్నారు, పన్ను ఎటునుంచి వస్తుందో ముందే కనిపెట్టి దారి వేస్తున్నారు. జిరాక్స్ షాపు వెనక ఒక్క గదిలో మొదలుపెట్టారట. ఇప్పుడు తండ్రికి రాసిచ్చిన పత్రాన్ని కొడుకు తెచ్చి మార్పించుకుంటున్నాడు. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "రేపు మీరు లేకపోతే మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" మొన్న ఒకాయన ఆ మాట విని కూర్చున్న కుర్చీలోంచే లేచి నిలబడ్డాడు.

ఆవిడ సొరుగులో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటుంది. పైన 'నాకు తోచనివి' అని రాసి ఉంటుంది. తన పత్రాల్లో తట్టక వదిలేసిన చిక్కులన్నీ అందులోకి ఎక్కుతాయి. ఇన్నేళ్లకూ పద్నాలుగే. పన్నెండోది: 'పెద్ద కొడుక్కి అని రాశాను. వాళ్లు కవలలు.'

ఇక పోయిన ఉత్తరంలో రాసిన కళ్లజోళ్ల ఫ్రేముల కార్ఖానా సంగతి. బావా, బావమరిదీ భాగస్తులు. వ్యాపారం పిల్లల చేతికి వెళ్లేటప్పుడు పన్ను నెత్తిన పడకుండా, ఏ ఏడు ఎంత వాటా మారాలో మేడమ్ పదేళ్లకు రాసిపెట్టారు. ఏటా గడువులోగా ఇద్దరూ సంతకం చేయాలి. ఒక్క ఏడు తప్పినా మొత్తం పేకమేడే. చావు, జబ్బు, అగ్నిప్రమాదం, అభిప్రాయభేదం, అన్నిటికీ నిబంధనలున్నాయి. పదహారు.

దానికి నువ్వేం రాశావు? "అభిప్రాయభేదం సరేరా, అలిగితే? అభిప్రాయభేదమంటే మాట్లాడి పోట్లాడుకునేది. అలకంటే అసలు మాట్లాడనిది. వాళ్లని చూసుకునేది ఎవరు?"

నేనా ప్రశ్నను మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. వెంటనే వాళ్లిద్దరికీ ఫోన్ చేశారు. తేలిందేమిటంటే, పోయినేడు బోర్డుకు వేసే రంగు దగ్గర వాళ్లు ఏడు వారాలు మాట్లాడుకోలేదు. కావలసినవి గోడ క్యాలెండర్ మీద రాసుకున్నారు. పదిహేడో నిబంధన పుట్టింది: ఒకరు పదిహేను రోజులు పలక్కపోతే, కోపం లేనప్పుడు ఇద్దరూ కలిసి ఎంచుకున్న మూడో మనిషి సంతకం చెల్లుతుంది. అచ్చంగా నీ హాస్టల్ పద్ధతే: గదిలో ఇద్దరు అలిగితే, వాళ్లు ముందే ఎంచుకున్న మూడో పిల్ల మాటే చెల్లుబాటు.

అమ్మా, ఇప్పుడు అసలు విషయం. కూర్చుని చదువు.

ఆ ప్రశ్న నీదని నేను చెప్పలేదు. "బుర్ర ఉందోయ్ నీకు" అని మేడమ్ అంటే, వినయంగా తల వంచుకున్నాను. వారం రోజులు అలాగే వంచుకుని తిరిగాను. ఎనిమిదో రోజు ఆవిడ నోటుబుక్కు తీసి పదిహేనోదిగా 'అలక' అని రాసి, పక్కన నా పేరు రాయబోయారు. నా వల్ల కాలేదు. నీ ఉత్తరం తీసి ముందు పెట్టేశాను.

"కక్షిదారుల సంగతి ఇంటికి రాశావా?"

"పేర్లు రాయలేదండీ. బావ, బావమరిది అనే రాశాను."

"పేర్లు రాయకపోవడం తెలివి. అసలేమీ రాయకుండా ఉండటం బుద్ధి."

అంతే, లేచి వెళ్లిపోయారు. నేను కార్ఖానాకు వెళ్లి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడిగాను. బావమరిది, "మా అలక వీధంతా చూసింది, మీ అమ్మగారికి తెలిస్తే వచ్చిన నష్టమేంటి? రాసుకో" అన్నాడు. ఇప్పుడు రాస్తున్నది ఆ అనుమతితోనే. ఆఫీసులో మాత్రం రెండు రోజులు మేడమ్ నాతో పలకలేదు. నేను పెట్టె సర్దడం మొదలుపెట్టాను. ఒక అరలోని కాగితాలు, రెండు పెన్నులు, పెద్ద పనేం కాలేదు.

ఈ పొద్దున నా బల్లమీద ఓ కాగితం. 'జూనియర్ నియామక పత్రం.' నాదే, అమ్మా. శాశ్వతంగా. ఇంటికి రాసే ఉత్తరాల మీద ఒక పేజీ నిషేధాలు. చివర అలక నిబంధన: సీనియర్‌కూ జూనియర్‌కూ రెండు రోజులకు మించి మాటల్లేకపోతే, మూడో మనిషి మాటే ఇద్దరికీ శిరోధార్యం. మూడో మనిషి: జూనియర్ తల్లి.

"మా అమ్మ నా వైపే చెబుతుందేమోనండీ" అన్నాను.

"ఆవిడ ఉత్తరంలో నీకు పెట్టిన చివాట్లు చదివాను. ఆ భయం లేదు" అన్నారు. మూడో రోజున ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. నోటుబుక్కు తెరిచి చూపించారు: 'పదిహేను. అలక. తోచినది: వాళ్లమ్మకు.'

కాగితం ఇందులోనే పెట్టాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం చేసి తిరుగు టపాలో పంపు. ఆలస్యం చేయకు. ఆ కాగితంలో నేను రెండు కామాలు దిద్దానని మధ్యాహ్నం నుంచి మేడమ్ మళ్లీ మాట్లాడటం లేదు.

ఇట్లు,
నీ బుర్రను వారం రోజులు అరువు తెచ్చుకుని తిరిగిచ్చేసిన,
నీ కొడుకు